బోరు పైపు బిగించిన గిటార్ పెట్టె

పెట్టె వెనక కోసిన కిటికీలోకి ముఖం పెట్టగానే గొర్రెల దొడ్డి వాసన గుప్పుమంది. చేయి పెట్టి లాగితే కడగని ఉన్ని ముద్దగా వచ్చింది. జిడ్డు వేళ్లకు అంటుకుంది. అందులో ఎండిన పెంటికలు, ఇంకా కాళ్లు కదుపుతున్న ఒక పిడుదు.

"ఫారిన్ దూది బావా అది," అన్నాడు ఆ గిటార్ స్పీకర్ పెట్టె కొనుక్కొచ్చిన నా బావమరిది.

"ఎవరు చెప్పినారు?"

"అంగడాయప్ప."

అనంతపురంలో ఒక కాలేజీలో నేను భౌతికశాస్త్రం పాఠాలు చెప్పుకునేవాణ్ణి. బావమరిది పెళ్లిళ్లకూ జాతరలకూ వెళ్లే ఒక ఆర్కెస్ట్రాలో గిటార్ వాయించేవాడు. తొంభైల చివర కీబోర్డులు చిన్న ఊళ్లకు కూడా వచ్చేశాయి. గిటార్, వయొలిన్, వేణువు అన్నీ ఒకే పలకలోంచి పలుకుతుంటే మనిషి ఎందుకన్న ప్రశ్న వాళ్ల బృందంలోనూ మొదలైంది. కంబదూరు దగ్గర ఒక జాతరలో జనం వెనక నిలబడి విన్న బృంద నాయకుడు, ఇతని గిటార్ మైదానం దాటి రావడం లేదని తేల్చాడు. వచ్చే ఆదివారం రిహార్సల్లో కూడా అంతే అయితే గిటార్‌ను కీబోర్డుకు అప్పగిస్తానన్నాడు. ఆ భయంతో బావమరిది మైకుసెట్ల అంగడికి పరుగెత్తాడు.

అతని పాత పెట్టెలో లోపమేమీ లేదు. అది వెనక తెరిచి ఉండే రకం. స్పీకర్ వెనక వైపు పుట్టే ధ్వని చుట్టు తిరిగి ముందుకు వచ్చి మంద్ర స్వరాలను చాలావరకు చెరిపేస్తుంది. గదిలో గోడలు ఆ లోటును కొంత పూడుస్తాయి. చెట్టూ గోడా లేని మా మైదానాల్లో పూడ్చేదేమీ ఉండదు. వెనక పూర్తిగా మూసిన పెట్టెలో లోపలి గాలి స్పీకర్‌కు స్ప్రింగులా ఆనుకుంటుంది. పోర్టు అనే గొట్టం పెట్టిన పెట్టెలో ఆ గొట్టంలోని గాలి కూడా పలుకుతుంది, అయితే పెట్టె పరిమాణం, గొట్టం పొడవు, స్పీకర్ స్వభావం ఒకదానికొకటి సరిపోతేనే. తెరిచినదో, మూసినదో, గొట్టం పెట్టినదో, ఈ మూడు రకాల్లో ఏదో ఒకటి ఎంచుకోవాలి.

అంగడాయన ఎంచుకోలేదు. ముందు పలకకు రంధ్రం చేసి, ఎండిపోయిన ఏదో బోరులోంచి పీకిన కేసింగు పైపు ముక్కను బిగించాడు. వెనక కిటికీ కోశాడు. లోపల ఉన్ని కుక్కాడు. మరుసటి రోజు బావమరిదినీ అతని గిటార్‌నూ వెంటబెట్టుకుని వెళ్లి, పెట్టెను అంగడాయన ముందే దించి, ఇదేమిటని అడిగాను.

"మూడూ ఒకదాంట్లోనే ఇచ్చినా సార్. ఓపెన్ కావాలంటే ఎనకాల ఉండాది, పోర్టు కావాలంటే ముందర ఉండాది. క్లోజ్ ఎఫెక్టుకు దూది పెట్టినా. యాడా దొరకదు ఇట్లాంటిది."

"వెనక తెరిచినాక పైపు ఏం చేస్తుంది?"

"గాలి పీలుస్తుంది సార్."

"మరి స్పీకర్?"

"ఏ స్పీకరైనా సెట్టయితాది. పెట్టె మంచిదైతే సాలు."

అతని ముఖంలో సందేహపు ఛాయ అయినా లేదు. తెలియకపోవడాన్ని నేను క్షమించగలను, నా వృత్తే దాని మీద నడిచింది. తెలుసుకోవలసినది ఒకటుందన్న స్పృహ కూడా లేని ఆ నిశ్చింత నాకు ఉన్ని వాసన కంటే ఎక్కువ వెగటు పుట్టించింది.

ఊదుబత్తి వెలిగించి పైపు మూతి దగ్గర పట్టుకుని, బావమరిదిని అన్నిటికన్నా లావు తీగ మీటమన్నాను. పొగ నిటారుగా లేచింది. వెనక కిటికీ దగ్గర పట్టుకుంటే చెదిరిపోయింది. పైపు అలంకారం మాత్రమేనని తేలింది. పైగా అతను అమ్మిన స్పీకర్ అంచు మెత్తనిది, వేలితో తాకితేనే లోపలికి దిగిపోతోంది. వెనక ఆనుకునే గాలి లేక, తీగ గట్టిగా మీటినప్పుడల్లా అది హద్దు దాటి ఊగి లోపల టక్కుమని కొట్టుకుంటోంది. పాత పెట్టెలోని స్పీకర్ అంచు బిగువైనది. అది తెరిచిన పెట్టెకు తగినదే.

"టక్కుమంటాంది, విన్నావా?" అన్నాను.

"అది పంచ్ సార్," అన్నాడు అంగడాయన.

పెట్టెను ఇంటికి తెచ్చి కిటికీకి పలక బిగించాం, సందులకు జిగురు పట్టించాం, పైపు మూతిని గుడ్డ చుట్టిన చెక్కతో మూశాం. ఉన్ని విషయంలో నిజం చెప్పాలి. ఉన్ని పెట్టెలోని ప్రతిధ్వనిని మింగుతుంది, అందులో తప్పులేదు. దాన్ని వేడినీళ్లలో ఉతికి, ఎండబెట్టి మళ్లీ పెట్టాను. పెరడంతా వారం కంపు కొట్టింది. మా ఆవిడ తన తమ్ముడితో "నీ సంగీతానికో దండంరా నాయనా," అంది. టక్కు మాత్రం ఆగిపోయింది.

ఆదివారం రిహార్సల్ ఒక కల్యాణమండపం వెనక ఖాళీ స్థలంలో. నాయకుడు ప్రహరీ దాకా నడిచి వెళ్లి చేయి ఊపాడు. "ఇప్పుడు వినొస్తాండాదప్పా గిటారు!" అని అక్కడి నుంచే అరిచాడు. వెనక కూర్చున్న డ్రమ్ములాయన ఒప్పుకోలేదు. "అది ముందుకే మొత్తుకుంటాంది. నాకేం వినపడల్యా." మూసిన పెట్టె తత్వమే అది. పాత తెరిచిన పెట్టెను అతని పక్కన పెట్టించి రెండూ కలిపి వాయించమన్నాను. బావమరిది చోటు నిలిచింది.

నెల తిరక్కముందే ఆ అంగడి ముందు కొత్త బోర్డు వెలిసింది: "సైన్సు లెక్చరర్ గారు పరీక్షించిన రకం గిటార్ పెట్టెలు." కింద వరసగా పెట్టెలు. ప్రతిదానికీ ముందు బోరు పైపు, వెనక కిటికీ, కిటికీలోంచి బయటికి వేలాడుతున్న మురికి ఉన్ని.

బోర్డు తీసేయమన్నాను.

"ఏం సార్, మీరు పరీక్ష చేయల్యా?" అన్నాడు.

"చేసినాను. అది పనికిరాదని తేల్చినాను."

"పరీక్ష చేసినారు గదా. పాసయిందని నేను యాడ రాసినా, చూపియ్యండి సార్?"

బోర్డును మళ్లీ చదివాను. ప్రతి మాటా నిజమే. ముప్పై ఏళ్లు పిల్లల జవాబుల్లో తప్పులు వెతికిన నాకు అందులో పట్టుకోవడానికి ఒక్కటీ దొరకలేదు. పత్రికకు రాస్తానన్నాను, వినియోగదారుల ఫోరానికి వెళతానన్నాను. అతను టీ తెప్పించాడు. నేను తాగలేదు.

ఇంటికి వచ్చేసరికి బావమరిది వాకిట్లో నిలబడి ఉన్నాడు. అప్పటికే వార్త చేరింది.

"బావా, ఒదిలేయి. మా ప్రోగ్రాములకు మైకులు, బాక్సులు అన్నీ ఆయప్పవే. ఆయప్ప రానంటే మా లీడరు నన్నే తీసేస్తాడు, గిటారు వినపడినా సరే."

నేను ఏ లేఖా రాయలేదు. బావమరిది ఇంకా చాలా ఏళ్లు స్టేజీ ఎక్కాడు. వానకు రంగు వెలిసినప్పుడల్లా ఆ బోర్డు మీది అక్షరాలకు కొత్త రంగు పడేది.