ఇల్లు చక్కదిద్దిన కంపోజిటరు

ఇరవై రెండేళ్ళు సీసం అక్షరాల మధ్య బతికిన కంపోజిటరును ఒక శనివారం మధ్యాహ్నం ప్రెస్సు యజమాని పిలిచి, సోమవారం నుంచి కంప్యూటరు వస్తోందనీ, ఇక చేత్తో అక్షరాలు కూర్చే పని ఉండదనీ చెప్పాడు. మనిషి మంచివాడే. "కూర్చుని నేర్చుకోవయ్యా, నీకు రానిదేముంది?" అంటూ అప్పటికే వచ్చి ఉన్న ఒక పెట్టె ముందు కూర్చోబెట్టాడు. కంపోజిటరు ఒక మీట నొక్కాడు. తెర మీద అక్షరం తిన్నగా వచ్చి నిలబడింది. అన్నేళ్ళూ సీసం అచ్చుల మీద అద్దంలో బొమ్మలా తిరగబడిన అక్షరాలనే చదివిన కళ్ళకు ఆ తిన్నని అక్షరమే తిరగబడ్డట్టు కనిపించింది.

"ఇది నన్ను చూసి వెక్కిరిస్తున్నట్టుందండీ" అని నవ్వేసి, తోటివాళ్ళందరికీ ఇక సెలవని చెప్పి ఇంటిదారి పట్టాడు. నవ్వైతే నవ్వాడు గానీ, దారి పొడవునా చేతివేళ్ళు ఊరికే గాలిలో ఏవో అక్షరాలు ఏరుతూనే ఉన్నాయి.

ఇంట్లో భార్య ఐదు నెలల చంటిదాన్ని ఒళ్ళో వేసుకుని కూర్చుంది. ఆమె టెలిఫోన్ ఎక్స్చేంజిలో ఆపరేటరు. ప్రసవం సెలవు అయిపోయి ఆ సోమవారమే డ్యూటీలో చేరాలి. పిల్లను ఎవరు చూస్తారన్న మాట అప్పటిదాకా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. ఎత్తితే ఎక్కడికి తేలుతుందో ఇద్దరికీ తెలుసు.

భర్త చెప్పిందంతా విని ఆమె చంటిదాన్ని ఒళ్ళోంచి భుజానికెత్తుకుంది. ఉద్యోగం మానేస్తానంటుందేమోనని అతను భయపడ్డాడు. అనలేదు. అననందుకు అతని ప్రాణం లేచొచ్చింది.

"నువ్వు వెళ్ళు. ఇల్లు నేను చూసుకుంటా" అన్నాడు.

"మీరా? మీకు కాఫీ కలుపుకోవడం కూడా రాదు కదండీ!"

"పుట్టగానే అక్షరాలు కూర్చానా ఏంటి? అదీ నేర్చుకున్నదేగా."

సోమవారం ఆమె అలా గడప దాటిందో లేదో, పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. పొయ్యి తుడుస్తుంటే చంటిది ఏడ్చింది. చంటిదాన్ని ఎత్తుకుంటే అన్నం మాడింది. మాడు వాసన పోవాలని కిటికీ తెరవబోతే, రెండో తరగతి చదివే పెద్దకూతురు "నాన్నా, నా జడలు!" అంటూ దువ్వెనతో ఎదురొచ్చింది. ఆ రెండు జడలు వేసేసరికి అతని తలప్రాణం తోకకొచ్చింది. ఒకటి చెవి మీద మొలిచింది, ఇంకోటి నడినెత్తిన. పిల్ల అద్దంలో చూసుకుని, తండ్రి ముఖం చూసి, "రేపు బాగా వస్తాయిలే నాన్నా" అని ఓదార్చి బడికి పోయింది.

మూడో రోజుకు అతనికి జబ్బెక్కడుందో తెలిసింది. వంటింట్లో ఏ వస్తువూ చేతికి అందేచోట లేదు. ప్రెస్సులో అయితే ఎక్కువ వాడే అక్షరం గడి పెద్దది, చేతికిందే ఉంటుంది. ఎప్పుడో గానీ అవసరంపడని అక్షరం పైమూల చిన్న గడిలో ఉంటుంది. ఆ రోజు చంటిది నిద్రపోగానే డబ్బాలన్నీ కిందికి దించి, కడిగి, ఆ లెక్కన సర్దేశాడు. ఒక్కో డబ్బా మీద ముత్యాల్లాంటి అక్షరాలతో పేరు రాసి అంటించాడు. సాయంత్రం భార్య వచ్చి, "నా వంటిల్లేదండీ?" అని గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఉప్పు కావాలా? ఇలా పొయ్యి ముందుకొచ్చి, కళ్ళు మూసుకుని కుడిచెయ్యి చాపు."

ఆమె కళ్ళు మూసుకుని చెయ్యి చాపింది. ఉప్పు డబ్బా చేతికి తగిలింది. ఇద్దరూ పడీపడీ నవ్వారు. మొదటి నెల తిరక్కుండానే అతని వంటకు రుచి పట్టింది, జడలకు తీరు వచ్చింది.

వీధి ఊరుకుంటుందా? మగవాడు పిల్ల గుడ్డలు ఉతికి దండెం మీద ఆరేస్తుంటే ఆడవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. ఎదురింటి గుమాస్తా అయితే రోజూ ఆఫీసుకు వెళ్తూ వెళ్తూ సైకిలు ఆపి మరీ అడిగేవాడు: "ఇల్లాలుగారూ, ఇవాళ కూరేంటి?"

వారం రోజులు కంపోజిటరు తల దించుకుని గుడ్డలు పిండాడు. ఎనిమిదో రోజు తల ఎత్తి, దండెం మీది గుడ్డ కొంచెం పక్కకి జరిపి, తీయగా అన్నాడు: "వంకాయ, మరిదిగారూ. చెల్లెల్ని కూడా తీసుకురండి, భోంచేసి వెళ్దురుగాని."

వీధంతా గొల్లుమంది. గుమాస్తా భార్య అయితే అరుగు మీద కూర్చుని కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వింది. ఆ ఆదివారం ఆవిడ మొగుణ్ణి వెంటబెట్టుకుని నిజంగానే భోజనానికి వచ్చింది. గుమాస్తా మొదట ముళ్ళ మీద కూర్చున్నట్టు కూర్చున్నాడు. కూర రెండోసారి వడ్డించాక నోరు విప్పాడు. మూడోసారికి, "ఇది ఎలా చేశారు గురువుగారూ?" అన్నాడు. ఆ తర్వాత 'ఇల్లాలుగారు' అన్న పిలుపు ఉండనే ఉంది గానీ, అందులో ముల్లు మాత్రం పోయింది.

చంటిది పాకే రోజుల్లో బడినుంచి చీటీ వచ్చింది, తల్లుల సమావేశమని. భార్యకు ఆ రోజు పగటి డ్యూటీ. కంపోజిటరు చంటిదాన్ని భుజాన వేసుకుని వెళ్ళి, నలభై మంది ఆడవాళ్ళ మధ్య పిల్లల బెంచీలో మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు.

"వాళ్ళమ్మగారు రాలేదాండీ?" అంది టీచరు.

"పగలు నేనే అమ్మనండీ. చెప్పండి, మా అమ్మాయి ఎలా చదువుతోంది?"

నవ్వులు మొదలయ్యాయి. పక్క బెంచీ తల్లి ఒకామె వంగి మెల్లగా అడిగింది: "అన్నయ్యగారూ, మీ పాప జడలు మధ్యాహ్నమైనా చెదరవు. ఎలా వేస్తారు?" అతను అక్కడికక్కడే ఆమె కూతుర్ని పిలిపించి వేసి చూపించాడు. ఇంకో ఇద్దరు పిల్లలు వరసలో నిలబడ్డారు. సమావేశం ఏం తేల్చిందో ఎవరికీ గుర్తులేదు. కానీ తర్వాతి చీటీలో 'అమ్మానాన్నల సమావేశం' అని ఉంది. అదే బళ్ళో చదివే కొడుకు తెచ్చిన ఆ చీటీ పట్టుకుని గుమాస్తా లబోదిబోమన్నాడు, తనూ వెళ్ళాల్సొచ్చిందని.

ఇదంతా గోరంతలు కొండంతలై వేరే ఊళ్ళో చిన్నకొడుకు దగ్గరున్న కంపోజిటరు తల్లి చెవిన పడింది. చెప్పాపెట్టకుండా సంచీతో దిగింది. చూస్తే పెద్దకొడుకు నడుముకు తుండు, చేతిలో గరిటె.

"ఒరేయ్, నిన్ను ఇందుకా కన్నాను? నలుగురూ ఏమనుకుంటారు?"

"ఆ నలుగురిలో ఇద్దరు ఆదివారం ఆదివారం ఇక్కడే భోంచేస్తారమ్మా. ముందు కాళ్ళు కడుక్కో."

"కోడలు రానీ, నాలుగు దులిపేస్తాను."

"దులపాల్సింది నన్ను. వెళ్ళమన్నది నేనే. దాన్నేమైనా అన్నావంటే నేనూరుకోను" అన్నాడు. జీవితంలో తల్లికి అంత గట్టిగా ఎదురు చెప్పింది అదే మొదలు. ఆవిడ నిర్ఘాంతపోయి పీట మీద కూర్చుంది. అతను కంచం పెట్టి, పొయ్యి మీంచి దించీ దించకముందే అన్నం, కూర వడ్డించాడు. ఆవిడ ముద్ద కలిపి నోట్లో పెట్టుకుని ఆగిపోయింది.

"ఏమ్మా, ఉప్పెక్కువైందా?"

"కాదురా." ఆవిడ కంచం వంక చూస్తోంది. "ఇంకా పొగలొస్తున్నాయి."

కంపోజిటరుకు అర్థం కావడానికి కొంత సేపు పట్టింది. ఇంట్లో మగవాళ్ళూ పిల్లలూ తిన్నాక, చివర్న, చల్లారిన గిన్నెలు ముందేసుకుని కూర్చునే అమ్మనే అతను చిన్నప్పట్నించీ చూశాడు. కంచంలో ఇంకో గరిటె వేశాడు. ఆవిడ వద్దనలేదు. సాయంత్రం కోడలు వస్తే దులపనూ లేదు. "కాళ్ళు నొప్పులేమో, కాసేపు కూర్చోవే. వాడే తెస్తాడు" అంది.

రెండు రోజులుండి పోదామని వచ్చిన మనిషి రెండు నెలలుంది. మనవరాలికి కథలు చెప్పింది. గుమాస్తా భార్యతో కలిసి వీధిలో ఏ మగవాడికి ఏ పని వచ్చో వాకబు చేసింది. మూడు పూటలా అందరికంటే ముందు కూర్చుని వేడివేడిగా తింది. వెళ్ళిపోయే రోజున ఎందుకో కళ్ళు తుడుచుకుని బస్సెక్కింది.

పదిహేను రోజులు తిరిగాయో లేదో, ఒక ఉదయం మళ్ళీ తలుపు తట్టింది. వెనకాల చిన్నకొడుకు, చేతిలో రెండు సంచులు, ముఖాన నెత్తురుచుక్క లేదు.

"వీడి పెళ్ళానికి బళ్ళో టీచరు ఉద్యోగం వచ్చింది. ఒకటో తారీఖున చేరాలి" అంది ఆవిడ చెప్పులు విడుస్తూ. "వీడికి నీళ్ళు కాచడం కూడా రాదు. నేర్పు."

"అన్నయ్యా, ఒక్క రెండు వంటలు చాలు..." అని తమ్ముడు నసిగాడు.

"రెండు కాదు, అన్నీ. జడలతో సహా" అని తల్లి చంటిదాన్ని ఎత్తుకుని, నేరుగా వెళ్ళి పీట మీద కూర్చుంది.

కంపోజిటరు నవ్వు ఆపుకుంటూ తమ్ముడి నడుముకు తుండు బిగించి, నాలుగు ఉల్లిపాయలు చేతిలో పెట్టాడు.