నా కొప్పెక్కిన చెట్టుకప్ప

జర దగ్గరగా జరిగి కూర్చోండమ్మా. ఊరికి వాన తెస్తానని బయలుదేరి, ఊరంతటికంటే ముందు నేనే తడిసి ముద్దయిన కథ చెబుతాను.

తెలంగాణ వచ్చిన కొత్తలో సంగతి. దేవరకొండ దిక్కు మా ఊళ్లో పత్తి గింజలు పెట్టి ఆకాశం చూస్తున్నాం. చినుకు పడకపోతే గింజ మట్టిలోనే మాడిపోతుంది. ఆడవాళ్లమంతా కప్పతల్లి ఆడదామనుకున్నాం. రోకలికి గుడ్డ కట్టి, వేపాకుల మధ్య కప్పను పెట్టి తిప్పితే, ప్రతి గడపలో దాని మీద బిందెడు నీళ్లు పోస్తారు. కప్ప తడిస్తే ఊరు తడుస్తుందని నమ్మకం.

"కప్పను నేను తెస్త!" అన్నాను. కొత్త కోడలిని, నాకంటే ముందు నా నోరు పుట్టింది.

చెరువేమో నెర్రెలు బారింది. చివరికి మా పెరట్లో నీళ్లు నింపుకునే గోలెం వెనక గోడ మీద ఒకటి దొరికింది. బక్కది, పొడుగు కాళ్లది. నున్నటి గోడకు నిలువునా అతుక్కుని తపస్సు చేస్తోంది. వేలి కొసకో బొట్టుబిళ్ల అంటించినట్టు గుండ్రటి మెత్తలు, బంగారు పూసల్లాంటి కళ్లు. ఇంత ఎండలో ఈ గుప్పెడు ప్రాణి ఎలా బతికిందా అని అలాగే నిలబడిపోయాను.

"ఓ పిల్లా, గది చెట్టుకప్పనే! ఒక్కతాన కూసోదు, గోడలెక్కుతది" అంది మా అత్త.

"కప్పైతే చాలత్తా! వానదేవుడు దాని కాళ్లు సూస్తడా?"

"ఆయన సూడడు. నువ్వే సూస్తవు."

రోకలి ముందు కొస నా భుజాన, వెనక కొస మా ఆడబిడ్డ యాదమ్మ భుజాన. ఊరి పెద్దామె మల్లవ్వ గడపలో బిందె ఎత్తి ఆగిపోయింది.

"ఏందే, గుడ్డల కప్పేది?"

వెనక నుంచి యాదమ్మ కెవ్వుమంది. "వదినా, కదలకు! నీ కొప్పు మీదున్నది!"

గుడ్డలోంచి జారి, రోకలి మీదుగా పాకి, నా కొప్పులో సర్దుకుందట. నేను బొమ్మలా బిగుసుకుపోయాను.

"తియ్యుండ్రమ్మా!" అని ఏడుపు గొంతుతో అన్నాను.

"తియ్యొద్దు!" మల్లవ్వ గద్దించింది. "నడుమల ఆట ఆపితే వాన రాదు. కప్ప యాడుంటే నీళ్లాడనే పొయ్యాలె."

ఇంకేముంది! చెరువు లేదు, చినుకు లేదు, నా నెత్తిన మాత్రం కృష్ణమ్మ పారింది. గడపగడపకూ బిందె. నేను వణికిపోతుంటే అది మాత్రం పట్టు వదలలేదు. ఆఖరి ఇంట్లో ఒక్క దూకు దూకి మునగచెట్టెక్కింది.

తర్వాత వాన కురిసింది, గింజ మొలిచింది. కప్ప వల్లనా, నా కొప్పు వల్లనా అన్నది మల్లవ్వ ఇంకా తేల్చలేదు.

ఒక తెల్లవారుజామున చూస్తే, గోలెం మీదికి వంగిన జామకొమ్మ మీద ఒక చెట్టుకప్ప. వెనక కాళ్లతో వెన్న చిలికినట్టు తెల్లటి నురుగు చిలుకుతోంది! నురుగే గూడు, అందులోనే గుడ్లు. కొన్నాళ్లకు ఆ గూడు కరిగి, తోకల పిల్లలు టపటపా గోలెంలోకి రాలాయి. ఇంట్లో అందరం గోలెం చుట్టూ మూగాం. మా అత్త మాత్రం నా కొప్పు దిక్కు చూసింది.

"ఇది నీళ్ల మీదనే గూడు కడ్తది పిల్లా. నీ నెత్తి మీదనుంచి గన్ని నీళ్లు కారవట్టె. ఇంక జరసేపు ఉంటే నీ కొప్పులనే నురుగు చిలుకుతుండె!"

అందుకే ఒట్టేసి చెబుతున్నాను: కప్పను తెస్తానని మళ్లీ అనను. అంటే, ముందు గుండు చేయించుకునే అంటాను.

మీ గోలేలు ఎప్పుడూ నిండుండాలి తల్లీ. మీ గోడ మీద కూడా ఆ బంగారు కళ్లు కాపలా ఉండాలి. ఇంటిల్లిపాదీ చల్లగా ఉండండి.