పుస్తకంలో లేని కొవ్వొత్తులు

వదిన పోయిందన్న కబురు మిర్యాలగూడ నుంచి ధాన్యం బండితో పాటు వచ్చింది. బండివాడు కోదాడలో నా కుట్టు మిషను ముందు నిలబడి, ముందు మంచినీళ్లు అడిగాడు, తాగాడు, మూతి తుడుచుకున్నాడు, అప్పుడు చెప్పాడు: "మీ వదినమ్మ మొన్న పొద్దుగాల పోయిందయ్యా. నిన్న మట్టి జేసిన్రు."

నేను చేతిలో ఉన్న చొక్కా కాలరు పూర్తి చేసి గానీ లేవలేకపోయాను. సగం కుట్టిన కాలరు వదలడం నాకు చేతకాదు. వదిన ఉంటే అనేదే, "నీకు సావు గూడ కుట్టు అయినంకనే" అని.

ఆమె మా పెద్దన్న భార్య. అన్న ఉన్నప్పుడు ఇద్దరూ సూర్యాపేటలో ఉండేవారు, వదిన అక్కడ సిస్టర్ల దవాఖానలో ఆయాగా చేసేది. అన్న జ్వరంతో పోయాక, ఒక్కగానొక్క కొడుక్కి మిర్యాలగూడ బియ్యం గిర్నిలో పని దొరికితే, వాడితో పాటు అక్కడికి మారింది. ఊరి చివర రోడ్డు పక్కన ఒక్క గది ఇల్లు, దానికి ఒక్క కిటికీ. ఏటా క్రిస్మస్‌కు నెల ముందు ఆ కిటికీలో వదిన కొవ్వొత్తుల కుదురు పెట్టేది.

అదేమిటో చెప్పాలి. మా కతోలికుల్లోనే చాలామందికి తెలియదు. దవాఖానలో మంచుదేశం నుంచి వచ్చిన సిస్టరమ్మ ఒకామె ఉండేది. వాళ్ల దేశంలో క్రిస్మస్ ముందు నాలుగు వారాలు, ఇళ్లలో పచ్చని కొమ్మలతో గుండ్రంగా దండ అల్లి, బల్ల మీద పడుకోబెట్టి, అందులో నాలుగు కొవ్వొత్తులు నిలబెడతారట. మొదటి ఆదివారం ఒకటి, రెండో ఆదివారం రెండు, అలా నాలుగో ఆదివారానికి నాలుగూ వెలిగిస్తారట. ఇంటిల్లిపాదీ చుట్టూ చేరి జపం చేస్తారు. రక్షకుడి పుట్టుక దగ్గరపడుతోంది, వెలుగు వారం వారం పెరుగుతోంది అని అర్థం. గుండ్రంగా ఎందుకంటే, దేవుడి ప్రేమకు మొదలూ చివరా లేవు కనుక. మూడు ఊదారంగువి, పశ్చాత్తాపానికి. మూడో ఆదివారానిది మాత్రం గులాబీ రంగు, సంతోషానికి. గుడిలో జరిగే పూజ కాదిది. ఇంట్లో వాళ్లే చేసుకునేది.

ఆ దండకు సిస్టరమ్మ చెప్పిన పేరు ఎవరి నోరూ తిరగలేదు. వదిన మాత్రం చూడగానే, "గిది కుదురే గద, కుండ కింద వెట్టేది" అందట. మర్నాడే వరిగడ్డితో కుదురు చుట్టి, దానికి కానుగ కొమ్మలు గుచ్చింది. రంగు కొవ్వొత్తులు మన వైపు ఎక్కడ దొరుకుతాయి? తెల్లవాటి మొదళ్లకే గుడ్డ పీలికలు కట్టేది. వంకాయరంగువి మూడు, గులాబీది ఒకటి ఏటా పట్టుకెళ్లడం నా వంతు. ఒక ఏడు గులాబీ దొరక్క ఎర్రది తీసుకెళ్లాను.

"ఏంది మరిదీ, దేవునికి గూడ మిగిలిన ముక్కలేనా?"

"దర్జీ దగ్గర మిగలని ముక్క ఏముంటుంది వదినా?"

"నీ దగ్గర మాటలైతే మస్తు మిగులుతయ్ తియ్!"

జపం అయ్యాక కొవ్వొత్తులను ఊదేది కాదు. రెండు వేళ్లు తడి చేసుకుని వత్తి నలిపేది. నాలుగో వారానికి మొదటి కొవ్వొత్తి బొటనవేలంత అయ్యేది, నాలుగోది ఇంకా నిటారుగా ఉండేది. ఒకసారి ఆ పొట్టిదాన్ని చూసి నేను జాలిపడితే, "ముందుగాల ఎదురుసూసుడు షురూ జేసినోడే ఎక్కువ కరుగుతడు మరిదీ" అంది. దవాఖానలో ఎన్ని కాన్పులకు తెల్లవార్లూ కూర్చున్న మనిషో. ఎదురుచూడటం గురించి నేను ఆమెకు చెప్పగలిగింది ఏమీ లేదు.

ఇక నిరుటి సంగతి. నిజాం రాజ్యం పోయింది. ఊరి బయట పొలాల్లో పటాలం గుడారాలు వేసింది. దొరల మీద తిరగబడ్డ సంఘం వాళ్లు అడవుల్లో ఉన్నారని వెతుకులాట. పొద్దుగూకితే ఎవరూ దీపం బయటికి కనబడనిచ్చేవారు కాదు. కిటికీ మూసుకొమ్మని పక్కింటివాళ్లు చెబితే వదిన, "నేనేమన్న దొంగతనం జేస్తున్ననా?" అందట.

మొదటి ఆదివారం ఆ కిటికీలో ఒక దీపం. రెండో ఆదివారం రెండు. మూడో ఆదివారం మూడు. గుడారాల దగ్గర కాపలావాడికి లెక్కపెట్టడం వచ్చు. సోమవారం పొద్దున్నే గిర్నికి పోయే దారిలో వదిన కొడుకుని పట్టుకుపోయారు, అడవిలో ఉన్నవాళ్లకు వారం వారం గుర్తు చూపిస్తున్నాడని.

వదిన గుడారాల దగ్గరికి పరుగున పోయి అంతా చెప్పింది. తర్జుమా చేసేవాడు అన్నాడట, "తక్కిన కిరస్తానీలను అడిగినం. ఎవ్వలింట్ల లేదంటున్నరు. మీ పుస్తకంల ఉంటే సూపియ్యమంటున్నడు సాబ్." ఫాదర్ గారు పల్లెలు తిరగడానికి పోయి ఉన్నారు. సరిగ్గా ఆ రోజే నేను పండుగ బట్టలు పట్టుకుని బస్సు దిగాను.

"మరిదీ, నువ్వు సదువుకున్నోనివి. జర అచ్చి జెప్పు."

నేను బడి మెట్లు ఎక్కిన వాణ్ని కాను. అంగళ్ల బోర్డులు చూసి అక్షరాలు కూడబలుక్కున్నవాణ్ని. అలాంటివాణ్ని ఒక అధికారి ముందు మాట్లాడమని పిలిస్తే ఎలా ఉంటుంది? చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, దారి పొడుగునా నాకు లోపల సంతోషంగానే ఉంది. జపాల పుస్తకం, సత్యోపదేశం రెండూ చంకన పెట్టుకుని వెళ్లాను.

మా వాడు చేతులు కట్టించుకుని నేల మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూడగానే వాడి ముఖం విప్పారింది. "సిన్నాయినా, జర జల్ది జెప్పు. గిర్నిల నా పాళి షురూ అయితది."

ఏ పేజీలో ఉందని అధికారి అడిగాడు. పుస్తకంలో లేదన్నాను. నిజమే, లేదు. ఇంటి ఆచారం అని ఒక్క ముక్క చెప్పి ఆగి ఉండవచ్చు. నేనెప్పుడైనా ఆగానా? మంచుదేశం గురించి మొదలుపెట్టాను. చలికాలంలో అక్కడ సూర్యుడు ఎంతసేపు ఉంటాడో చెప్పాను. ఆకు రాలని చెట్ల గురించి చెప్పాను. అలా పోయి పోయి, యుద్ధం రోజుల్లో శత్రుదేశపు మనిషని సర్కారు తీసుకుపోయిన ఆ సిస్టరమ్మ దాకా వచ్చాను. అంతవరకూ సగం సగం చెప్పిన తర్జుమావాడు ఆ మాట మాత్రం పొల్లుపోకుండా చెప్పాడు. అధికారి కలం తీసి రాసుకున్నాడు.

మా వాడు మళ్లీ గిర్ని మాట ఎత్తలేదు. సాయంత్రం వాణ్ని లారీ ఎక్కించి సూర్యాపేట దారిన తీసుకుపోయారు.

ఇంటికి నడుస్తూ, "ఉందని అనాల్సింది వదినా" అన్నాను.

"నువ్వు అబద్ధమాడలే గద మరిదీ. లేనిది లేదన్నవ్."

అంతే. ఆ తర్వాత ఏడాదిపాటు ఒక్కసారి కూడా ఆ ఊసెత్తలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

నాలుగో ఆదివారం కిటికీ మూసేయమని నేనే బతిమాలాను. వదిన వినలేదు. "ఇప్పుడు ఆపితే అది గుర్తే అనుకుంటరు. నాలుగు ఎలిగిస్త. ఎవ్వలు రారు. రాకపోతె గద, మా వోడు నిజం జెప్పిండని వాళ్లకెరుకయ్యేది."

నాలుగూ వెలిగించింది. గట్ల వెనక పటాలంవాళ్లు పొంచి ఉన్నారని మాకు తెలుసు. ఇద్దరమే మోకరించాం. "ప్రభువా, వేగిరమే రమ్ము" అని పైకి చదువుతూ, ఈ పూట ఎవరూ రాకూడదని లోపల మొక్కుకున్నాను.

ఎవరూ రాలేదు. తెల్లవారి వదిన గుడారాల దగ్గరికి పోయి, "సూసిన్రు గద?" అని అడిగింది. చూశామన్నారు. మనిషి ఇప్పుడు తమ దగ్గర లేడన్నారు. కాగితం పైకి పోయిందన్నారు. పండుగ ముందు రోజు ఫాదర్ గారు తిరిగొచ్చి, తానూ వెళ్లి, అది మంచి ఆచారమేనని చెప్పారు. ఆయనకూ అదే జవాబు దొరికింది.

వదిన, క్రిస్మస్ అయిన పన్నెండు రోజులకు వచ్చే ముగ్గురు రాజుల పండుగ దాకా రోజూ నాలుగూ వెలిగించింది. ఒక సాయంత్రం కాపలా సిపాయి కిటికీ దగ్గరికొచ్చి కొవ్వొత్తి ముక్క అడిగాడట, వాళ్ల దీపాల్లో గాసునూనె అయిపోయిందని. ఇచ్చిందట. ఆ సంగతి చెబితే నాకు ఒళ్లు మండింది.

"పిల్లవాడి గురించి అడక్కపోయావా వదినా?"

"వానికి మన మాట రాదు. వత్తి కావాల్నని సైగ జేసిండు, ఇచ్చిన. నా కొడుకేడని సైగ జేసుడెట్ల మరిదీ?"

ఆ తర్వాత తిరగని చోటు లేదు. ఒకచోట ఇక్కడికి రాలేదన్నారు, ఇంకోచోట ఇక్కడి నుంచి పంపేశామన్నారు. ఏ కాగితంలోనూ వాడి పేరు లేదు. వానకాలం వచ్చేసరికి వదిన అడగడం మానేసింది, తర్వాత తినడం మానేసింది. మొన్న పోయింది. వాడు ఉన్నాడో లేడో నాకు ఇప్పటికీ తెలియదు. ఉన్నా, తల్లి పోయిందని వాడికి చెప్పడానికి దారి లేదు.

నేను మిర్యాలగూడ వెళ్లేసరికి సమాధి మీద మన్ను ఇంకా తడిగానే ఉంది. కాసేపు నిలబడి, తిరుగు బస్సు కోసం రోడ్డు మీదికి వచ్చాను. ఎదురుగా పొలంలో గుడారాలు లేవు. ఒక రైతు దున్నుతున్నాడు.

"ఇక్కడి పటాలంవాళ్లు ఎటు పోయారు బాబూ?"

"పోయి నాలుగు నెల్లాయె తాతా. ఏడికి వోయిన్రో ఎవలకెరుక? నా భూమినైతే బండ జేసి పోయిన్రు. సూడు, నాగలి దిగుతలేదు."

పొలం మధ్య నుంచి రోడ్డు దాకా లారీ చక్రాల జాడలు రెండు, ఇన్ని వానలకూ చెదరకుండా ఉన్నాయి. అతను మేడి మీద బరువంతా మోపి ఎడ్లను అదిలించాడు. కర్రు జాడ మీదికి వచ్చి, పట్టు దొరక్క, గీరుకుంటూ పక్కకు జారింది. తిప్పుకొచ్చి మళ్లీ మోపాడు. మళ్లీ జారింది. బస్సు వచ్చి ఆగింది, కండక్టరు కేకేశాడు, ఎక్కాను. వెనక్కి తిరిగి చూస్తే అతను ఇంకా ఆ జాడ మీదే ఉన్నాడు.