రుచి చూడకుండా చెప్పిన మాట

మా తమ్ముడు ఎవరితోనూ గొంతు పెంచి ఎరగడు. అలాంటివాడు ఉద్యోగం వదిలే రోజున, అంతమంది ముందు, మేనేజరుతో తగవు పెట్టుకుని గెలిచాడు. ముందు వరస కుర్చీలో కూర్చుని నేను కళ్లారా చూశాను.

పెద్ద హోటల్లో బారు సర్వరు వాడు. తల నెరిసేదాకా ఆ ఒక్క గదిలోనే నిలబడ్డాడు. వెళ్లిపోయేవాళ్లందరికీ ఇచ్చినట్టే వాడికీ ఒక గోడగడియారం ఇవ్వబోయారు. వాడు చెయ్యి చాచలేదు.

“ఇది వద్దు సార్. పై అరలో ఉన్న ఆ విస్కీ సీసా ఇప్పించండి.”

“అదెంత ఖరీదో నీకు తెలీదా? మందు ఇచ్చే పద్ధతి లేదయ్యా. అందరూ గడియారమే తీసుకున్నారు.”

“రేపట్నుంచి నాకు డ్యూటీయే లేదు. గడియారం ఇచ్చి, టైముకి ఎక్కడికి రమ్మంటారు సార్?”

గది గొల్లుమంది. మేనేజరు మాత్రం బిగుసుకుపోయి, “తాగనివాడివి, నీకెందుకది?” అన్నాడు.

“ఇన్నాళ్లూ దాన్ని పొగిడాను కదండీ. ఆ పొగడ్త నిజమో కాదో ఒక్కసారి చూసుకుంటాను.”

వెనకనుంచి ఓనరు, ముసలాయన, “ఇచ్చెయ్యండి” అన్నాడు. దాంతో తగవు తెగింది.

పొగడడం వాడి పనిలో భాగమే. బారులో పనిచేసేవాళ్లు మందు ముట్టకూడదని అక్కడ రూలు. కానీ ఏ సీసా ఎలా ఉంటుందో అడిగినవాళ్లకు చెప్పాలి. అందుకని కంపెనీవాళ్లు వచ్చి మాటలు నేర్పి వెళ్లేవారు. “మొదట తేనెలా తగులుతుంది సార్, నడుమ ఎండుద్రాక్ష, మింగాక కాలిన కట్టె వాసన నిలుస్తుంది.” మా వాడు అది పాఠం అప్పజెప్పినట్టు చెప్పేవాడు కాదు. తన పెరట్లో పట్టిన తేనె గురించి చెబుతున్నట్టు చెప్పేవాడు. వినేవాడి జేబు దానంతటదే తెరుచుకునేది.

మందు సంగతి నాకేం తెలుసంటారా? మా ఆయన చౌకరకం తాగేవాడు, పక్కింటాయన ఖరీదుది తాగేవాడు. తెల్లారితే ఇద్దరూ ఒకే మెట్ల మీద తల పట్టుకుని కూర్చునేవాళ్లు. ఆ మాత్రం తెలుసు. ఆ హోటల్లో జనం పోసే డబ్బులో సగం మా తమ్ముడు సీసా ఎత్తి పట్టుకునే తీరుకేనని నా లెక్క. ఆ తీరుకైతే ఎంతిచ్చినా తక్కువే.

వాడికి ఇంకో అలవాటుండేది. గ్లాసు తుడిచాక, గుడ్డ వాసన మిగిలిందేమోనని ముక్కు దగ్గర పెట్టి చూసేవాడు. ఇంట్లో మంచినీళ్ల గ్లాసుకీ అదే మర్యాద. మరదలు మండిపడేది: “నేను తోమిన గ్లాసుకు పరీక్షలేంటండీ? వాసనొస్తే కాపురం మానేస్తారా?”

తెచ్చిన సీసాను బీరువా మీద పెట్టాడు. మంచి రోజు చూసి తీస్తానన్నాడు. కూతురి పెళ్లయింది. జనం ఎక్కువన్నాడు. మనవరాలు పుట్టింది. పసిబిడ్డ ఉన్న ఇల్లన్నాడు. ఈలోగా ఒక జ్వరం వచ్చింది. అది పోతూ పోతూ వాడి ముక్కునీ నాలుకనీ కూడా పట్టుకుపోయింది. పొయ్యి మీద పాలు మాడిపోతుంటే పక్కనే కూర్చుని పేపరు చదువుకుంటున్నాడట. మరదలు పరుగెత్తుకొచ్చి, తిట్టబోయి, వాడి ముఖం చూసి ఆగిపోయింది.

“ఇప్పుడు గ్లాసు ముట్టుకుంటారు, వాసన చూడకుండానే తాగేస్తారు. అంతే వదినా,” అని నా దగ్గర కళ్లు తుడుచుకుంది. పోయిన రుచి తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు డాక్టరు. ఎదురుచూశాం. రాలేదు.

పోయిన ఆదివారం భోజనాలయ్యాక మరదలే కుర్చీ ఎక్కి సీసా దింపింది. “దాచి ఎవరికి పెడతారు? తీయండి.”

వాడు సీసా మెడ కింద తెల్ల గుడ్డ పెట్టి, అచ్చం బారులోలాగే పోశాడు. ముందు తనే ఒక గుక్క తాగాడు. మేమందరం వాడి గొంతుకేసి చూస్తున్నాం.

“మంట తప్ప ఏమీ లేదు,” అని నవ్వాడు. నవ్వు నిలబడలేదు.

అల్లుడు గబగబా తాగి, “తేనె మామయ్యా! అచ్చం తేనె!” అన్నాడు. పుట్టి బుద్ధెరిగి మందు ముట్టని మరదలు కూడా కళ్లు మూసుకుని ఒక చుక్క మింగింది. దగ్గుతూనే, “ఎండుద్రాక్ష ఉందండీ... కట్టె వాసన కూడా,” అంది.

తమ్ముడు ఆమె వీపు నిమిరాడు. “నా మాటలు నాకే వడ్డిస్తున్నావా, పిచ్చిదానా?” అన్నాడు. తర్వాత కుర్చీ నా పక్కకు జరుపుకున్నాడు.

“అక్కా, నా మాట నమ్మి ఎంతమంది తాగారో. జీతం రాగానే వాళ్ల నాన్నను వెంటబెట్టుకొచ్చి, ఒక్క గ్లాసు పోయించినవాళ్లున్నారు. వాళ్లకు నేను చెప్పింది నిజమో అబద్ధమో తెలుసుకోవాలి. వీళ్లకు నా మీద ప్రేమ. వీళ్ల సాక్ష్యం చెల్లదు.”

“నాకు లేదేంట్రా ప్రేమ?”

“ఉంది. ఉన్నా, నా గురక సంగతి పెళ్లికి ముందే నీ మరదలికి చెప్పింది నువ్వే కదా.”

వేలెడు మందు పోసి గ్లాసు నా చేతిలో పెట్టాడు.

“తాగి, ఉన్నది ఉన్నట్టు చెప్పక్కా. తేనె లేకపోతే లేదనే చెప్పు.”