బోర్డు పోయాక పోలమ్మ పిన్ని

దుకాణాల బోర్డులు గోడ దాటి రోడ్డు మీదకి రాకూడదని మొన్న మా వార్డు సభలో చేతులెత్తించి తీర్మానం చేశారు. ఆమదాలవలసలో సందు మలుపున ఉన్న నా టైలరింగ్ షాపు రేకు బోర్డు కూడా ఈ రోజు పొద్దున్నే ఊడదీశారు. ఇక ఈ మూలకి ఎవరొస్తారులే అని మొహం మాడ్చుకుని కూర్చున్నాను.

మధ్యాహ్నం లోపలే ఇద్దరు కొత్తవాళ్లు జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చారు. షాపు ఎవరు చూపించారని అడిగితే, "బయట చేపలమ్మే ఆవిడ" అన్నారు.

వెళ్లి చూశాను. ఇన్నాళ్లూ నా బోర్డు నీడలో చేపలమ్ముకున్న పోలమ్మ పిన్ని మండుటెండలో అక్కడే కూర్చుని ఉంది.

"నీడ అటేపున్నాది కదా పిన్నీ, అటెళ్లి కూకో" అన్నాను.

"నానటెల్లిపోతే నీ కొట్టు ఎవులికి తెలుస్తాది? వొచ్చినోలకి నానే కదా సెప్తన్నాను" అంది, చేప పొలుసు గీకుతూ.

థాంక్స్ చెబితే తిడుతుంది. అందుకే మా ఇంట్లోని పెద్ద గొడుగు తెచ్చి, ఇసుక డబ్బాలో గుచ్చి ఆమె నెత్తి మీదకి వచ్చేలా పెట్టాను. అది గోడ దాటే ఉంది. అభ్యంతరం ఉన్నవాళ్లు చేతులెత్తండి, లెక్కపెడతాను.