చేపను వదిలి గవ్వ పట్టిన పోశం బావ

మా పోశం బావ కష్టపడి సాధించిన మొదటి విజయం, బొగ్గుగని ముందరి హోటల్లో చాయ్‌కి పాలరంగు తెప్పించడం. అప్పుడాయన బొగ్గుబాయిలో కొత్తగా చేరాడు. మేమంతా హోటలాయన్ని తిట్టి తిట్టి అలసిపోయాం. బావ మాత్రం ఆయన్ని పల్లెత్తు మాట అనలేదు. కేటిల్‌ను బల్ల మీద నిలబెట్టి, షిఫ్టు దిగిన జనం ముందు దానికి చార్జిషీటు ఇచ్చాడు.

"కేటిలూ! చాయ్ అని చెప్పి ఉడుకునీళ్ళు పోసినవ్. నీ సంజాయిషీ ఏంది? మాట్లాడవేంది? అంటే తప్పు ఒప్పుకున్నట్టే!"

కేటిల్ సస్పెండ్ అయింది. దాన్ని చంకన పెట్టుకొని ఇంటికి పోయాడు. మర్నాడు హోటలాయన చెంబెడు పాలు కళ్ళకు చూపించాకే తిరిగిచ్చాడు.

అదీ ఆయన గుణం. కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుంది. కాని అది మనుషుల మీదికి దిగదు, వస్తువుల మీదికే దిగుతుంది. ఫ్యాను కిర్రుమంటే ఫ్యానుకు వార్నింగు. ఆయన భార్య సారక్క, అంటే మా సొంత అక్క, అన్నం మాడిస్తే శిక్ష కుక్కర్‌కు. "నన్ను ఒక్కనాడన్న తిట్టిండా? పాపం, తిట్లన్ని కుక్కరే తిన్నది" అంటుంది అక్క.

ఇన్నేళ్ళూ నేనూ నవ్వాను. ఈసారి నవ్వను. ఈసారి చార్జిషీటు పడింది నేను కొనిపించిన ఫోనుకు!

నేనంటే ఎవరనుకున్నారు? కమాన్‌పూర్ బడిలో ఏడో తరగతి ఫస్టున పాసైన లింగమూర్తిని. ఫస్టెయిడ్ పోటీల్లో మా బాయికి షీల్డు తెచ్చినవాణ్ణి. గోదావరిఖనిలో మా గల్లీకి స్మార్టుఫోను పరిచయం చేసిందీ నేనే. కంపెనీ పేర్లు మాకు నోరు తిరగవు, అందుకని వెనకున్న బొమ్మను బట్టి మా ఫోనును చేప అంటాం. ఇంటింటికీ తిరిగి చేపే కొనిపించాను, వేలు పట్టుకొని నొక్కడం నేర్పాను. అటువంటి గల్లీలో మా ఇంటి అల్లుడు గవ్వ బొమ్మ ఫోను కొన్నాడు!

"చేప ఏం తప్పు చేసింది బావా?" అని నిలదీశాను.

"ఫోటోల నన్ను ముసలోని లెక్క సూపిస్తున్నది."

"నువ్వు ముసలోనివే గద!"

"గది నాకెరుకే. అందరికి సూపెట్టాలెనని దానికేంది అంత తొందర?"

"మరి సంజాయిషీ అడిగినవా?"

"అడిగిన. నోరు మెదపలే."

యూనియన్ ఎన్నికల ముందు రోజు జెండా మార్చినవాణ్ణి ఎట్లా చూస్తామో, ఆయన్ని అట్లా చూశాను. కలిసి చాయ్ తాగడం మానేశాను.

కొన్నాడు పో, నేర్పమని నన్నన్నా అడగాలి కదా! అదీ లేదు. రోజూ సాయంత్రం గవ్వను పట్టుకొని గల్లీ చివర రబియా బీ ఇంటికి పోతున్నాడు. రబియా బీ మాతో పనిచేసిన వజీర్ భార్య. వజీర్ పోయి చాలాకాలమైంది. కొడుకు ముఖీత్ దుబాయిలో ఉంటాడు. తల్లికి గవ్వ ఫోను పంపింది అతనే. బిడ్డ సుమైరా ఉన్నన్నాళ్ళూ ఆ ఫోను ఆమే ఎత్తేది. ఆమె పెళ్ళయి బసంత్‌నగర్ పోయాక అది మోగడమే తప్ప ఎత్తేవాళ్ళు లేరు. ముట్టుకుంటే పాడైపోతుందని రబియా బీ భయం. అమ్మకేమైందోనని అక్కడ ముఖీత్‌కు డ్యూటీ మీద మనసు నిలవడం లేదట. ఎత్తడం నేర్పమని ఆమె నన్నొకసారి అడిగింది. ఉన్నమాటే చెప్పాను: "ఇది గవ్వ, బీబీ. మా చేప లెక్క గాదు." తర్వాత ఆమె ఎవర్నీ అడగలేదు.

ఆ ఇంట్లోనే తేల్చుకుందామని ఓ సాయంత్రం పోయాను. అరుగు మీద బావ గవ్వ మోగుతోంది. బావ దాని మీద అరుస్తున్నాడు.

"మోగుడేనా నీ పని? ఎత్తుడెట్లనో చెప్పవా? చార్జిషీటు ఇస్త బిడ్డా! రబియాక్కా, దీన్ని ఎట్ల ఎత్తాలె?"

"నాకేం తెలుసు భాయ్?"

"నీకు తెల్వకుంటె ఎవలకు తెలుస్తది? గల్లీల గవ్వలు రెండే. నీది ముందుగాల వచ్చింది, నాది నిన్న మొన్న వచ్చింది. నువ్వు సీనియర్! జూనియర్‌కు పని నేర్పవా?"

"పాడైతే?"

"పాడైతే నాది పాడైతది. నొక్కు!"

ఆమె భయంభయంగా వేలు పెట్టి పక్కకు జరిపింది. అవతల మా అక్క గొంతు: "ఇంక ఎన్నిసార్లు ఫోను చెయ్యాలె? కూర మాడుతున్నది!"

బావ చప్పట్లు కొట్టాడు. అంతలో లోపల ఇంకో గవ్వ మోగింది. రబియా బీ గబగబా పోయి తెచ్చింది. మా ఇద్దరి వంకా చూసింది. పక్కకు జరిపింది. ముఖీత్ ముఖం కనిపించింది.

"అమ్మీ! ఎత్తింది నువ్వేనా?" అని తమ భాషలో అరిచాడు పిల్లవాడు. ఆమె నవ్వింది, కళ్ళు తుడుచుకుంది, ఆ వెంటనే పెద్ద గొంతుతో చెప్పింది, పోశం భాయ్‌కి తనే ఫోను నేర్పుతోందట, పాపం ఆయనకు ఒక్క ముక్క రాదట!

ఇంటికి వస్తుంటే దారిలో బావ ఫోను మోగింది. బొటనవేలితో చటుక్కున ఎత్తి, "వస్తున్న, కుక్కర్‌ను ఏమనను తియ్" అని, జేబులో పడేశాడు. నాకు ఒళ్ళు మండింది.

"నీకు వచ్చు గద!"

"మెల్లగ అను బామ్మర్దీ, ఎవలన్న ఇంటరు! నాకొస్తదంటే రబియాక్క నన్నే ఎత్తమంటది. రానోడు కూసుంటే నేర్పుతది."

"దాని కోసం నా చేపను డిస్మిస్ చేస్తవా?"

"డిస్మిస్ అని ఎవలన్నరు? సస్పెన్షన్‌ల ఉన్నది. సస్పెన్షన్‌ల సగం జీతం ఇయ్యాలె గద, రోజూ సగం చార్జింగు పెడుతున్న."

చూశాను. మా అక్క బీరువాలో, రుమాల్లో చుట్టి ఉంది నా చేప, సరిగ్గా సగం చార్జింగుతో.

నా కోపం తగ్గలేదు. ఫస్టెయిడ్ షీల్డు తెచ్చినవాడికి ఒక్క మాట ముందు చెబితే ఏం పోయేది? ముఖీత్ డిసెంబరు పద్నాలుగున ఇంటికి వస్తున్నాడు, ఇక మళ్ళీ పోడట. అందాకా మా బావ మొద్దు జూనియర్‌గానే ఉంటానన్నాడు. చేపకు ఫుల్లు చార్జింగు పెట్టించి, ఆయన్ని మా కంపెనీలోకి తిరిగి చేర్చుకునేది డిసెంబరు పదిహేనున.