బోణీకి పోయిన బొమ్మ

మీర్‌పేట్‌లో మా మనుమరాలు కొత్తగా దిగిన ఇంట్లో మొన్న కిటికీ చువ్వలకు రంగు వేయిస్తున్నారు. పనివాడు డబ్బా మూత తీసి టర్పెంటైన్ కలిపాడో లేదో, ఆ వాసన నేను కూర్చున్న వంటింటి గడప దాకా వచ్చింది. చేతిలో చిక్కుడుకాయ చేతిలోనే ఉండిపోయింది. తల నొస్తుందా నానమ్మా, తలుపు వేయనా అని పిల్ల అడిగింది. వద్దన్నాను. ఆ వాసనకు నాకు తల నొయ్యదు, గుండె దడ పుడుతుంది. పొయ్యి మీద పాలు పెట్టి మరిచి వీధిలోకి వచ్చిన మనిషికి పుట్టే దడ లాంటిది. ఇబ్రహీంపట్నంలో మా ఇంటి వీధి వైపు గదిలో ఆ వాసన ఏడేళ్లు ఉంది. ఆ గదిలో కమల టీచర్ బొమ్మలు వేసేది.

ఆమె సర్కారు బడిలో డ్రాయింగ్ టీచరుగా చేసి, పింఛను మొదలైన ఏడాది మా ఇంట్లో వెనుక భాగం కిరాయికి తీసుకుంది. పెళ్లి చేసుకోలేదు. కందుకూరులో ఒక చెల్లెలు తప్ప ఎవరూ లేరు. పొట్టి మనిషి, నడిస్తే చెప్పుల చప్పుడు కూడా వినిపించేది కాదు. బొమ్మ వేసే రోజుల్లో గోళ్లలో రంగు ఉంటుందని అన్నం చెంచాతో తినేది. దవాఖానలో ఉన్నట్టు ఇదేం తిండి అని నేను ఎగతాళి చేసేదాన్ని. దేన్నైనా చూస్తే చూస్తూనే ఉండేది. ఒకసారి నేను ఎండబెట్టిన మిరపకాయల ముందు అరగంట కూర్చుంది. కావాలంటే తూచి ఇస్తాను గానీ దిష్టి పెట్టకు అన్నాను. నవ్వింది, కదల్లేదు.

నేను మూడో తరగతితో బడి మానినదాన్ని. ముప్పై ఏళ్లు వారం వారం అంగడిలో చింతపండు అమ్మాను. మా ఆయన పోయాక పిల్లల్ని ఆ తక్కెడతోనే సాకాను. రవిక చిరిగితే అతుకు వేసుకున్నాను గానీ కొత్తది కుట్టించుకోలేదు. అందుకే ఖాళీగా పడి ఉన్న వీధి గదిలో టీచరమ్మ తన సామాను పెట్టుకుంటానంటే ఒప్పుకున్నాను గానీ, అది ఊరికే పోతున్నదని నా మనసు పీకుతూనే ఉండేది. మూడేళ్లు గడిచాక ఆదిభట్ల కంపెనీల బస్సు మా వీధి మలుపులో ఆగడం మొదలైంది. గదుల కోసం అక్కడ పని చేసే పిల్లలు ఇల్లిల్లూ తిరిగారు. ఇద్దరు వచ్చి, సోమవారం సామానుతో వస్తాం, ఆ గది మాకే ఉంచు ఆంటీ అన్నారు. సరే చూద్దాం అన్నాను.

ఆ సాయంత్రం టీచరమ్మకు చెప్పాను. ఆమె కుంచె కడుగుతూ విన్నది. ఆ గది కిటికీ ఉత్తరం వైపు ఉంది, అందులోకి రోజంతా ఒకే తీరు వెలుగు వస్తుంది, తన వెనుక గదిలో మధ్యాహ్నానికే చీకటి అని ఒక్క మాట అన్నది. బతిమాలలేదు. ఆ ఆదివారమే ఆదిభట్ల దగ్గర కొత్త అపార్ట్‌మెంట్ల ముందు మైదానంలో బొమ్మల అమ్మకం పెడుతున్నారు, తానూ పేరు ఇచ్చానన్నది. అయితే ఒక మాట అనుకుందాం అన్నాను. "ఒక్క బొమ్మన్న అమ్ముడువోతే గది నీదే టీచరమ్మా. లేకుంటే సోమవారం పిల్లలకిస్త. తర్వాత నన్ననొద్దు." ఆమె తలూపింది. మరి నువ్వు కూడా తోడు రావాలె, నాకు అమ్ముడు రాదు అన్నది. అమ్మకం అంటే నేను ఎప్పుడు కాదన్నాను గనక.

ఆదివారం పొద్దున ఆకుకూరల ట్రాలీ ఆటోలో పాలకూర కట్టల పక్కన బొమ్మలు పెట్టుకుని పోయాం. వాటికి నా పాత చీరలు చుట్టాను. సద్ది కట్టుకున్నాను, అక్కడ కొనే పని లేకుండా. దారిలో టీచరమ్మ ఒక పెద్ద బొమ్మను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. తలుపు రెక్కలో సగం ఉంటుంది అది. సిటీలో బొమ్మల దుకాణం నడిపే ఒక పెద్దమనిషి దాని ఫోటో ఫోన్‌లో చూసి, అసలుది చూడడానికే వస్తున్నాడట. అతనికి నచ్చితే తన బొమ్మలన్నీ అతని దుకాణంలో గోడకెక్కుతాయి. "మణెమ్మా, అన్నీ నీ ఇష్టం. ఇది మాత్రం ఆయన చూసేదాక ఎవలకు ఇయ్యొద్దు," అన్నది. సరే అన్నాను. ఆ బొమ్మను గదిలో దుమ్ము దులుపుతూ ఎన్నోసార్లు చూశాను. గోధుమరంగు కుప్ప ఒకటి, దాని ముందు వెనక్కి తిరిగి కూర్చున్న ఆడమనిషి ఒకతె. ఎవరో కూలామె అనుకున్నాను.

మైదానంలో వెదురు బొంగులు పాతి తీగలు కట్టారు. బొమ్మలు వేలాడదీసి పొద్దు నడినెత్తికి వచ్చేదాకా నిలబడ్డాం. జనం బాగానే వచ్చారు. వచ్చినవాళ్లు బొమ్మల ముందు నిలబడి ఫోటోలు దిగారు. ఒకామె మా సోఫా రంగుకు కలిసేది ఉందా అని అడిగింది. ఒకాయన దేవుళ్లవి లేవా అన్నాడు. ఇంకొకాయన, మా మేడ మెట్ల గోడకు ఇట్లాంటిది వచ్చి వేస్తారా, వేస్తే పదిమందికి మీ పేరు తెలుస్తుంది కదా అన్నాడు. టీచరమ్మ అందరికీ నెమ్మదిగా జవాబు చెప్పింది. గాలి లేచినప్పుడల్లా బొమ్మలు బొంగులకు కొట్టుకునేవి, ఆమె ఒక దాని నుంచి ఒక దానికి పరుగెత్తి పట్టుకునేది. పక్కనున్న పిల్లగాడి దగ్గర నాలుగు పోయాయి. మా దగ్గర బోణీ కూడా కాలేదు.

అమ్మినవాళ్లకు తెలుస్తుంది ఆ బాధ. అంగడిలో బోణీ కాకుండా పొద్దెక్కితే నాకు నోట్లో తడి ఆరిపోయేది. మొదటి గిరాకిని వట్టి చేతులతో పంపితే ఆ రోజంతా వట్టిదే అని మా అత్త నేర్పింది, ముప్పై ఏళ్లు అట్లాగే అమ్మాను. నష్టానికైనా మొదటి తూకం తూచి, ఆ పైసలు కళ్లకు అద్దుకునేదాన్ని. నిజానికి ఆ రోజు ఏదీ పోకపోతే నాకే మేలు, గదికి కిరాయి వస్తుంది. ఆ సంగతి గుర్తుండాలి కదా. లేదు. వేలాడుతున్న సరుకు, కదలని జనం, ఇవే కళ్ల ముందు ఉన్నాయి.

అప్పుడే టీచరమ్మను నిర్వాహకులు ఏదో కాగితం మీద సంతకానికి పిలిచారు. ఆమె అటు పోగానే మొగుడూ పెళ్లాం ఎవరో కారు దిగి వచ్చి, నేరుగా పెద్ద బొమ్మ దగ్గర ఆగారు. అది ఇయ్యము, చిన్నవి చూడండి అన్నాను. వాళ్లు చిన్నవి చూడలేదు. అదైతేనే తీసుకుంటాం, లేకుంటే లేదు అని సగం ధర చెప్పి నడవబోయారు. దుకాణం పెద్దమనిషి జాడ లేదు. వస్తాడో రాడో. ఇది పోతే బోణీ అవుతుంది, మిగతావి కదులుతాయి, ఆయనకు చూపించడానికి ఇంకా పది ఉన్నాయి. ఇవన్నీ ఒక్క గుక్కలో అనుకుని, ఆగండ్రి అన్నాను. బొమ్మ దించి, నా చీరలోనే చుట్టి, నేనే కారు దాకా మోసిచ్చాను. పైసలు కళ్లకు అద్దుకున్నాను.

టీచరమ్మ తిరిగి వచ్చి తీగ మీద ఖాళీ చూసింది. నేను పైసలు చేతిలో పెట్టి, బోణీ అయింది, ఇగ చూడు అన్నాను. ఆమె పైసల వంక చూడలేదు.

"ఎవలు తీస్కపోయిన్రు?"

"ఎవరో కారుల వచ్చిన్రు."

"ఎట్లుండె వాళ్లు?"

ఎట్లున్నారో నాకు తెలియలేదు. ఎంత తలచుకున్నా ముఖం రాలేదు, నోట్లు మాత్రం గుర్తున్నాయి. కారు తెల్లదా నల్లదా అంటే అదీ చెప్పలేకపోయాను.

"బొమ్మను చూసిన్రా వాళ్లు?"

"చూడకుంటె కొంటరా?" అన్నాను కోపంగా. తప్పు చేసినప్పుడు నాకు కోపమే ముందు వస్తుంది.

"నువ్వు చూసినవా మణెమ్మా?" అన్నది. పోయి గాలికి ఊగుతున్న బొమ్మను పట్టుకుంది.

బోణీ తర్వాత రోజు తిరుగుతుందని నా నమ్మకం. తిరగలేదు. ఒక్క మనిషి ధర అడగలేదు. ఆ పెద్దమనిషి రాకపోతే బాగుండునని నేను మొక్కుకుంటూ కూర్చున్నాను. రోడ్డు మీద ఏ కారు ఆగినా తల ఎత్తి చూసేదాన్ని. నాలుగింటికి వచ్చాడు. తెల్ల గడ్డం, చేతిలో ఫోన్. తీగ పొడవునా నడిచి, మళ్లీ వెనక్కి నడిచి, అదెక్కడ అని అడిగాడు. నా పేరు చెబుతుందని తల దించుకున్నాను. "పోయింది సార్, మధ్యాహ్నం అమ్ముడువోయింది," అన్నది, అంతే. నేను వస్తానని చెప్పాను కదా అన్నాడతను. మిగిలినవి మర్యాదకు చూశాడు. బాగున్నాయి గానీ ఇవి వేరు, అది వేరు, మళ్లీ అట్లాంటిది వేసినప్పుడు కబురు చేయమన్నాడు.

పోబోతూ నా వైపు తిరిగాడు. నేను అప్పుడు చాప మీద వెనక్కి తిరిగి సద్ది గిన్నె మూట కడుతున్నాను. "ఇందులో ఉన్నది ఈమేనా?" అని టీచరమ్మను అడిగాడు. ఆమె అవునన్నది. ఫోన్ నా ముందు పెట్టాడు. ఎండ మెరుపులో సరిగ్గా కనబడలేదు, అరచెయ్యి అడ్డం పెట్టుకుని చూశాను. గోధుమరంగు కుప్ప చింతపండు. గింజ తీస్తున్న మనిషి వంగిన వీపు నాది. ఎడమ భుజం మీద రవికకు అతుకు ఉంది, ఆ మెరుపులో దాని రంగు మాత్రం తేలలేదు. ఆ అతుకు నేను వేసుకున్నదే, నాలుగు మూలలూ నా కుట్టే. మా ఇంటి గడప మీద నన్ను ఎవరూ చూడడం లేదనుకుని ఎన్నేళ్లు కూర్చున్నానో. నన్ను నేను సగం ధరకు అమ్మి, పైసలు కళ్లకు అద్దుకున్నాను.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో ఆమె పొద్దున గది ఖాళీ చేస్తానన్నది. తెల్లవారి ఆ పిల్లలిద్దరూ బ్యాగులతో దిగారు. గది ఇచ్చేశాను, పొమ్మన్నాను. మొన్న ఇస్తనంటివి గద ఆంటీ అని ఒకడు అలిగాడు. నేను చూద్దామన్నాను, ఇస్తాననలేదు, చెవులు బాగు చేయించుకో అన్నాను. లోపల టీచరమ్మ కుంచెలు కట్ట కడుతోంది.

"ఎందుకు సర్దుతున్నవ్? ఒకటి అమ్ముడువోతె గది నీదన్న. అమ్ముడువోయింది."

"అమ్మింది నువ్వు గద."

"ఎవలమ్మితె ఏంది. మాటంటె మాట."

చాలాసేపు నా ముఖం చూసింది. తర్వాత, అట్లయితే రోజూ పావుగంట నా దగ్గర కూర్చోవాలె అన్నది. కూర్చున్నాను. ఇంకో నాలుగేళ్లు, ఆమె ఊపిరి ఆగేదాకా. ఒక వస్తువు ముందు పెట్టి, ఏం కనబడుతుందో పలక మీద రాయమనేది. చింతపండు నల్లగా ఉంది అని రాస్తే చెరిపేసేది. మళ్లీ చూడు అనేది. మళ్లీ చూస్తే ఈనె దగ్గర ఎరుపు, పొట్టు కింద తేనె రంగు. ముప్పై ఏళ్లు తూచిన సరుకును అప్పుడే మొదటిసారి చూశాను. మరిచిన అక్షరాలు అట్లా తిరిగి వచ్చాయి. ఇది రాస్తున్నదీ ఆ చేతితోనే. ఆ బొమ్మ మళ్లీ వెయ్యమని ఒకసారి అడిగాను. నువ్వు అప్పటిలా కూర్చోవు, ఇప్పుడు ఎవరో చూస్తున్నారని నీకు తెలుసు అన్నది. పోనీ అతుకుకు ఏ రంగు వేశావో చెప్పు అన్నాను. "నువ్వే చెప్పు. తొడుక్కున్నదానివి నువ్వు." చెప్పలేకపోయాను. మా ఆయన పాత లుంగీ ముక్క అది, ఆకుపచ్చదో నీలమో. రవిక అప్పటికే మసిగుడ్డ అయిపోయింది.

ఆమె బొమ్మలు దుకాణం గోడ ఎక్కకుండానే ఆమె పోయింది. అది నా చేతుల మీదుగా జరిగింది. ఎవరూ నన్ను అనలేదు గనక నేనే అనుకుంటూ ఉంటాను.

ఎవరింటికి పోయినా నేను ముందు గోడలు చూస్తాను. పెళ్లి పిలుపులకు పోయినా, దవాఖానకు పోయినా, బ్యాంకుకు పోయినా అంతే. తలుపు తీసినవాళ్లు పలకరించేలోగా నా కళ్లు నాలుగు గోడలూ తిరిగి వస్తాయి. అది ఎక్కడో వేలాడుతున్నదో, అటక మీద నా చీరలోనే చుట్టి ఉన్నదో, చెమ్మకు పొడి రాలుతున్నదో తెలియదు. మొన్న మీర్‌పేట్‌లోనూ పైన అద్దెకున్నవాళ్లు చాయ్‌కి పిలిస్తే పోయి అదే పని చేశాను. ఏం వెతుకుతున్నావు నానమ్మా అని మనుమరాలు అడిగింది. ఏమీ లేదన్నాను. ఎప్పుడైనా కనబడితే తిరిగి ఇమ్మని అడగను, అమ్మింది అమ్మిందే. ఎదురుగా కాసేపు నిలబడి, భుజం మీది ఆ అతుకు ఏ రంగో చూసుకుని వస్తాను.